చాటుగా ఇచ్చే మందు, చాటుగా మానేసే మందు

(మానసిక జబ్బులున్నవాళ్ల కుటుంబాలు, ఆశా కార్యకర్తలు, మందుల షాపుల వాళ్ల కోసం జరిగిన అవగాహన సభలో ఒక మానసిక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మతి చలించినప్పుడు ఇచ్చే యాంటీసైకోటిక్ మందుల వల్ల వచ్చే చెడు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చెబుతాను, దాచేదేమీ లేదు. అయితే ఇన్నేళ్లుగా ఓపీలో కూర్చుని చూస్తున్నదాన్ని బట్టి నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. ఈ మందుల వల్ల మన ఇళ్లలో జరిగే నష్టంలో చాలా భాగం చాటుమాటు వ్యవహారం వల్లే జరుగుతోంది. మజ్జిగలో కలిపి తెలియకుండా తాగిస్తున్నారు. పెళ్లిచూపులకు ముందు ఎవరికీ చెప్పకుండా మానిపిస్తున్నారు. నెలసరి ఆగిపోయిందని డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడుతున్నారు. డాక్టర్లు కూడా చాలాచోట్ల చీటీ రాసి పంపేస్తున్నారు తప్ప, ఏ మాత్ర ఎందుకో కూర్చోబెట్టి చెప్పడం లేదు. ఈ రోజు వాటన్నిటి గురించీ బాహాటంగా మాట్లాడుకుందాం.

మీలో చాలామంది దగ్గర మందుల స్ట్రిప్పులు ఉన్నాయి కదా, తీసి చూడండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని పైనో కిందో చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు పేరు. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ చిన్న అక్షరాలనీ, పక్కనుండే మిల్లీగ్రాముల అంకెనీ. హాలోపెరిడాల్, క్లోర్‌ప్రోమజిన్, ట్రైఫ్లువోపెరజిన్ పాత తరం మందులు. రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్, అరిపిప్రజోల్, అమిసల్‌ప్రైడ్, క్లోజపిన్ ఆ తర్వాతి తరం. లేని గొంతులు వినిపించే, లేని కుట్రలు నమ్మించే స్కిజోఫ్రెనియాకు, మనసు ఉద్రేకానికీ దిగులుకీ మధ్య ఊగే బైపోలార్ జబ్బులో ఉద్రేకం పెరిగినప్పుడు, కొందరికి కాన్పయిన కొత్తల్లో మతి చలించినప్పుడు ఇవి ఇస్తాం. జనం వీటిని నిద్రమాత్రలు అంటారు, నరాల మందు అంటారు. కొన్నింటికి మత్తు ఉన్నమాట నిజమే గానీ, ఇవి నిద్ర కోసం తయారైనవి కావు.

1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డెలే, పియెర్ డెనికర్ అనే ఇద్దరు వైద్యులు క్లోర్‌ప్రోమజిన్‌ను మానసిక రోగులకు ఇచ్చి చూశారు. ఆపరేషన్ల సమయంలో మనిషిని నెమ్మదిగా ఉంచడానికి ఒక సర్జన్ వాడిన మందు అది. అప్పటిదాకా కట్టేసి ఉంచడం, చన్నీళ్లలో ముంచడం లాంటివి నడిచిన వార్డుల్లో రోగులు కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. మన దేశంలో అంతకు ముందే, 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు సర్పగంధ వేరు రక్తపోటుకూ ఉన్మాదానికీ పనిచేస్తుందని రాశారు. ఆ వేరు నుంచి తీసిన రెసర్పిన్‌ను 1950లలో ప్రపంచమంతా వాడారు. రక్తపోటు బాగా పడిపోతోందని, కొందరు దిగులులోకి జారుతున్నారని చూసి, మెరుగైనవి రాగానే పక్కన పెట్టారు. "మొక్క మందు కదా, ఏమీ చేయదు" అనేవాళ్లకు నేను ఈ సంగతి చెబుతుంటాను.

ఇక ఇవి ఎలా పనిచేస్తాయి? మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉంటుంది. లేని గొంతులు వినిపించడం, ఇరుగుపొరుగు తనమీద కుట్ర పన్నుతున్నారని గట్టిగా నమ్మడం లాంటివి వచ్చినప్పుడు మెదడులో ఒక భాగంలో డోపమిన్ అతిగా పనిచేస్తుంటుంది. డోపమిన్ వెళ్లి అంటుకునే చోట్లను ఈ మందులు మూస్తాయి. స్కాన్లు తీసి చూస్తే, దాదాపు 65 శాతం చోట్లు మూసుకున్నప్పుడు గుణం కనిపించింది. 80 శాతానికి దగ్గరయ్యేసరికి వణుకు, బిగుసుకుపోవడం మొదలయ్యాయి. ఎందుకంటే ఒళ్లు సాఫీగా కదలడానికి కూడా ఆ డోపమినే కావాలి. గుణానికీ చెడుకీ మధ్య ఉన్న ఖాళీ అంత తక్కువ. త్వరగా తగ్గాలని ఒక మాత్ర బదులు రెండు వేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ రెండో మాత్రతో గుణం రెండింతలు కాదు. చెడు మాత్రం మొదలవుతుంది.

మందు వల్ల మేలు ఎంత అంటారా? 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 65 పరిశోధనలను కలిపి లెక్కగట్టారు. మందు కొనసాగించిన వాళ్లలో ఏడాదిలోపు 27 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. మందు లేని ఉత్త మాత్రకు మారిన వాళ్లలో 64 శాతం మందికి తిరగబెట్టింది. ఈ రెండు అంకెలూ మనసులో పెట్టుకుని మిగతాది వినండి. నేను ఇప్పుడు చెప్పబోయే చెడునంతా విని ఇంటికెళ్లి మాత్రలు పారేస్తే, నేను ఇక్కడికి వచ్చి మీకు అపకారం చేసినట్టే.

మొదట అన్నంలో కలిపే మందు సంగతి.

హాలోపెరిడాల్ చుక్కల మందుకు రంగు, వాసన, రుచి తెలియవు. మనిషి ఆసుపత్రికి రాడు, మాత్ర వేసుకోడు, ఇంట్లో గొడవ చేస్తున్నాడు. ఎవరో ఒక చీటీ తెచ్చిస్తారు, తల్లి సాంబారులో కలుపుతుంది. ఆమె బాధ నాకు తెలుసు, తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. కానీ తర్వాత ఏమవుతుందో చూడండి. పాతిక లోపు వయసు కుర్రాడు. రెండో రోజో మూడో రోజో బజార్లో నిలబడి ఉండగా మెడ ఒక పక్కకు తిరిగిపోతుంది, కళ్లు పైకి వెళ్లిపోతాయి, నాలుక బయటకు వచ్చి లోపలికి పోదు. స్పృహ ఉంటుంది, అన్నీ తెలుస్తుంటాయి, కానీ మెడ తన మాట వినదు. చూసినవాళ్లు గాలి సోకిందంటారు, ఫిట్స్ అంటారు, చేతిలో తాళాలు పెడతారు. దీన్ని మేం డిస్టోనియా అంటాం. మందు మొదలుపెట్టిన తొలిరోజుల్లో, కుర్రాళ్లలో ఎక్కువగా వస్తుంది. ప్రోమెథజిన్ లాంటి ఇంజెక్షన్ ఒకటి చేస్తే సాధారణంగా అరగంట లోపు సర్దుకుంటుంది. అరుదుగా గొంతు కండరాలు పట్టేసి ఊపిరి ఆడని పరిస్థితి కూడా వస్తుంది. అందుకే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

క్యాజువాలిటీలో డాక్టరు అడుగుతాడు: "ఏం మందులు వాడుతున్నావు?" అతను నిజాయితీగా "ఏమీ వాడటం లేదు" అంటాడు. తల్లి పక్కనే నిలబడి నోరు విప్పదు. ఆ మౌనంతో ఫిట్స్ మందులు మొదలవుతాయి, తలకు స్కాన్లు తీస్తారు, డబ్బు పోతుంది. తర్వాత ఎప్పుడో ఒక రోజు నిజం బయటపడుతుంది. "మా ఇంట్లోవాళ్లు నా అన్నంలో ఏదో కలుపుతున్నారు" అని ఆ కుర్రాడు ఏడాదిగా అంటున్నాడు. జబ్బు వల్ల వచ్చిన ఆ అనుమానాన్ని మనమే నిజం చేసిపెట్టాం. ఇక తల్లి చేతి ముద్ద తినడు, డాక్టరు మాట వినడు. ఎన్నో ఏళ్ల వైద్యం ఆ ఒక్క గిన్నె దగ్గర చెడిపోయిన ఇళ్లు నేను చూశాను.

మరి ఏం చేయాలి? జబ్బు ఉందని ఒప్పించే ప్రయత్నంతో మొదలుపెట్టకండి. అతన్ని అతని బాధతోనే పిలవండి. "నీకు నిద్ర పట్టడం లేదు కదా, అలసిపోతున్నావు కదా, దానికోసం వెళ్దాం" అనండి, అది అబద్ధం కాదు. 14416కు ఫోన్ చేయండి. అది మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అతని ప్రాణానికో మీ ప్రాణానికో ముప్పు ఉంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మనిషి ఒప్పుకోకపోయినా కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేసే పద్ధతి ఉంది. రోజూ మాత్రలు వేసుకోవడం ఇష్టం లేని వాళ్లకు రెండు వారాలకో నెలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటిని వివరంగా చెప్పి, అతను ఒప్పుకున్నాకే ఇస్తాం.

మెడ తిరగడం పైకి కనిపిస్తుంది, కనీసం ఎవరో ఒకరు పట్టుకొస్తారు. కనిపించనిది ఇంకొకటి ఉంది, అకతీసియా. కాళ్లు నిలవవు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది, పడుకుంటే మంచం మీద కాళ్లు ఆడిస్తూనే ఉంటారు. "లోపలి నుంచి ఎవరో తరుముతున్నట్టుంది డాక్టర్ గారూ" అని ఒకతను చెప్పిన మాట నేను మర్చిపోలేదు. ఇంట్లోవాళ్లు దాన్ని చూసి జబ్బు పెరిగిందనుకుంటారు. తొందరపడితే డాక్టరు కూడా అలాగే అనుకుని మోతాదు పెంచుతారు. బాధ ఇంకా పెరుగుతుంది. ఆ తరుముడు తట్టుకోలేక కొందరికి చనిపోవాలన్న ఆలోచన కూడా వస్తుంది. కాబట్టి మందు మొదలైనా, పెరిగినా, ఆ తర్వాతి వారాల్లో మనిషి గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే అడగండి. "తిరగాలని నీకే ఉందా, తిరగకుండా ఉండలేకపోతున్నావా?" జవాబు రెండోదైతే వెంటనే ఫోన్ చేయండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, ప్రోప్రనొలాల్ లాంటిది చేర్చడమో చేస్తాం.

వణుకు, చిన్న చిన్న అడుగులు, బిగుసుకున్న మొహం కూడా వీటివల్ల రావచ్చు. వాటికి ట్రైహెక్సీఫెనిడిల్ రాస్తారు, మీకు పాసిటేన్ అంటే తెలుస్తుంది. అవసరం ఉన్నన్నాళ్లే దాన్ని వాడాలి. చాలామంది చీటీల్లో అది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం, పెద్దవాళ్లలో మతిమరుపు. "ఈ మాత్ర నాకు ఇంకా కావాలా?" అని తర్వాతి సారి వెళ్లినప్పుడు అడగండి. అలా అడగడం మీ హక్కు, ఏ డాక్టరూ తప్పుగా అనుకోకూడదు.

యాంటీసైకోటిక్ మందులు నెలలు, ఏళ్లు వాడాక వచ్చేది టార్డివ్ డిస్కినీసియా. తమలపాకు నములుతున్నట్టు మూతి కదులుతూ ఉంటుంది, నాలుక బయటకూ లోపలికీ ఆడుతుంది. పాత తరం మందుల్లో, వయసు మళ్లిన వాళ్లలో ఎక్కువ. ఇది మందు ఆపినా కొందరిలో పోదు. తొలి దశలో పట్టుకుంటే మేలు. అందుకని ప్రతి ఆరునెలలకు ఒకసారి నాలుక చాపించి, చేతులు చాపించి చూడమని డాక్టరును అడగండి.

ఇప్పుడు మందుల షాపుల వాళ్లు కొంచెం జాగ్రత్తగా వినాలి. ఈ జాతి మందులు మానసిక జబ్బులు లేని వాళ్ల కడుపులోకి కూడా వెళ్తున్నాయి. గ్యాస్‌కు, అజీర్తికి ఇచ్చే క్యాప్సూళ్లలో రాబిప్రజోల్‌తో కలిపి లెవోసల్పిరైడ్ ఉంటుంది. అది కూడా డోపమిన్‌నే అడ్డుకుంటుంది. కళ్లు తిరుగుతున్నాయని ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, అదే స్టెమెటిల్, క్లోర్‌ప్రోమజిన్ కుటుంబంలోదే. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా మెడ తిప్పేయగలదు. టెన్షన్‌కు అని రాసే ఒక జంట మందులో ఫ్లూపెంటిక్సాల్ ఉంటుంది. కొద్ది రోజులు, అవసరం ఉంటే, డాక్టరు చెబితే వాడటంలో తప్పులేదు. కానీ మన దగ్గర గ్యాస్ మాత్ర అంటే ఉదయం పరగడుపున వేసుకునే కాఫీ లాంటిదైపోయింది. డెబ్భై ఏళ్ల పెద్దాయన రెండేళ్లు ఆ క్యాప్సూల్ వాడి, చేతులు వణుకుతూ, అడుగు తీయలేక వస్తాడు. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు అని దానికి ఇంకో నాలుగు మందులు అప్పటికే మొదలై ఉంటాయి. అలా వచ్చిన కొందరిలో, క్యాప్సూల్ ఆపాక కొన్ని నెలలకు నడక మళ్లీ వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ల గ్యాస్ మందు మీద చిన్న అక్షరాలు ఈ రాత్రే చదవండి. ఒంటి రాబిప్రజోల్, పాంటప్రజోల్ అయితే ఈ భయం లేదు.

ఇక బరువు, షుగర్. ఒలాంజపిన్, క్లోజపిన్ వాడేవాళ్లకు ఆకలి విపరీతంగా పెరుగుతుంది. కొద్ది నెలల్లోనే చాలా కిలోలు పెరిగే వాళ్లున్నారు. "తిండి ఎక్కువైంది, బద్ధకం ఎక్కువైంది" అని ఇంట్లో తిడుతుంటారు. దయచేసి తిట్టకండి, ఆ ఆకలి మందుది. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావాళ్ల కంటే చాలా ముందే చనిపోతున్నారు. వాళ్లను ఎక్కువగా తీసుకెళ్తున్నది గుండె జబ్బు. మన తెలుగు ఇళ్లలో చాలాచోట్ల షుగర్ ఎలాగూ వంశపారంపర్యంగా ఉంటుంది, దానికి ఇది తోడవుతుంది. మందు మొదలుపెట్టిన రోజే బరువు, నడుం చుట్టుకొలత, బీపీ, ఫాస్టింగ్ షుగర్, కొలెస్టరాల్ రాసి పెట్టుకోవాలి. మొదటి ఆరువారాలు వారానికోసారి బరువు చూడాలి. మూడు నెలలకు పరీక్షలన్నీ మళ్లీ చేయించాలి, తర్వాత ఏడాదికోసారి. ఆశా అక్కలు ఇంటింటికీ షుగర్ చూడటానికి వెళ్తున్నారు కదా, ఈ మందులు వాడేవాళ్లను ముందు చూడండి, ముప్పై ఏళ్లు నిండలేదని వదిలేయకండి. బరువు బాగా పెరుగుతుంటే మందు మార్చవచ్చు, మెట్‌ఫార్మిన్ చేర్చవచ్చు. మూడు కిలోలు పెరిగినప్పుడు వస్తే చేయగలిగింది, ముప్పై కిలోలయ్యాక చేయడం చాలా కష్టం.

అందరిముందూ మాట్లాడుకోని సంగతి ఒకటి చెబుతాను. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ లాంటివి ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతాయి. ఆడపిల్లలకు నెలసరి ఆగుతుంది, కాన్పు కాకపోయినా పాలు రావచ్చు. మగవాళ్లకు కోరిక తగ్గుతుంది, అంగం గట్టిపడదు. పెళ్లికాని అమ్మాయికి రెండు నెలలు బయట చేరకపోతే ఇంట్లో ఏమనుకుంటారో, ఆ పిల్ల ఎంత నరకం పడుతుందో ఇక్కడున్న తల్లులకు చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి చేసే మొదటి పని ఎవరికీ చెప్పకుండా మాత్రలు కిటికీలోంచి పారేయడం. కొత్తగా పెళ్లయిన కుర్రాడూ అదే చేస్తాడు. ఒక రక్తపరీక్ష చేసి మందు మారిస్తే సరిపోయే విషయం ఇది. అరిపిప్రజోల్‌కు ఈ ఇబ్బంది చాలా తక్కువ. డాక్టర్లు అడగాలి. అడగకపోతే మీరు ఒక కాగితం మీద రాసి టేబుల్ మీద పెట్టండి, నోటితో చెప్పలేకపోతే.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి మానేయడం గురించి చెబుతాను. పెళ్లిచూపుల్లో మత్తుగా కనిపిస్తుందని ఒక వారం ముందు ఆపేస్తారు. పెళ్లయ్యాక మాత్రలు చూస్తారేమోనని ఇంకో నెల ఆపుతారు. పెళ్లి పనుల్లో నిద్ర ఉండదు, కొత్త ఇల్లు, కొత్త మనుషులు. మందు లేని నెల కూడా అప్పుడే. తిరగబెట్టడానికి ఇంతకంటే అనువైన సమయం ఉంటుందా? సంబంధం కుదుర్చుకునే ముందు అవతలివాళ్లకు చెప్పండి. కొన్ని సంబంధాలు తప్పిపోతాయి, నిజమే. చెప్పాక నిలిచిన సంబంధాల్లో మాత్రలు వేసుకునే వేళ గుర్తుచేసే మనిషి తోడవుతాడు.

"మరి జీవితాంతం వాడాలా?" అని ప్రతి కుటుంబమూ అడుగుతుంది. అందరికీ అక్కర్లేదు. మొదటిసారి వచ్చి పూర్తిగా తగ్గితే కనీసం ఏడాది నుంచి రెండేళ్లు, పదేపదే వస్తుంటే ఐదేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ. తగ్గించుకోవాలనే కోరిక న్యాయమైనదే, నేను దాన్ని తీసిపారేయను. దీనిమీద పరిశోధనలు కూడా ఒకే మాట చెప్పలేదు. నెదర్లాండ్స్‌లో తొలిసారి జబ్బు వచ్చినవాళ్లను ఏడేళ్ల తర్వాత చూస్తే, తగ్గించే ప్రయత్నం చేసిన గుంపులో కోలుకున్నవాళ్లు ఎక్కువగా కనిపించారు. 2013లో వచ్చిందది. చాలా ఏళ్లుగా జబ్బుతో ఉన్నవాళ్ల మీద ఇంగ్లండ్‌లో చేసిన ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. రెండేళ్లలో ఆసుపత్రిలో చేరాల్సినంతగా తిరగబెట్టింది తగ్గించిన వాళ్లలో 25 శాతం, కొనసాగించిన వాళ్లలో 13 శాతం. బతుకు తీరులో మాత్రం తేడా కనిపించలేదు. ఎవరికి తగ్గించాలో, ఎప్పుడు తగ్గించాలో మనిషిని బట్టి తేల్చుకోవాలని నేను దీన్నుంచి అర్థం చేసుకున్నాను. తగ్గించేటప్పుడు నెలల తరబడి, కొంచెం కొంచెంగా తగ్గించాలి. చివరి కొద్ది మిల్లీగ్రాముల దగ్గర ఇంకా నెమ్మది కావాలి. ఒక్కరోజులో ఆపితే నిద్ర పోతుంది, వికారం, చెమటలు, జబ్బు కూడా ఉద్ధృతంగా రావచ్చు. పరీక్షల ముందు, పెళ్లి ముందు, ఇల్లు మారేముందు తగ్గించకండి.

క్లోజపిన్ గురించి విడిగా చెప్పాలి. రెండు మందులు సరిగ్గా వాడినా లొంగని స్కిజోఫ్రెనియాకు దానంత బాగా పనిచేసేది ఇప్పటికీ లేదు, ఆత్మహత్యలనూ తగ్గిస్తుంది. 1975లో ఫిన్లండ్‌లో దాన్ని వాడిన కొందరికి తెల్లరక్తకణాలు పడిపోయి చనిపోయారు. చాలా దేశాలు పక్కన పెట్టేశాయి. మిగతావి పనిచేయని రోగుల్లో ఇది పనిచేస్తుందని 1988లో అమెరికాలో నిరూపించాక, రక్తపరీక్షల షరతుతో తిరిగి వచ్చింది. ఈ ప్రమాదం నూటికి ఒకరి కంటే తక్కువమందికే వస్తుంది, ఎక్కువగా మొదటి 18 వారాల్లో. అందుకే ఆ 18 వారాలు వారంవారం రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీ పరీక్ష, తర్వాత నెలనెలా. గొంతు నొప్పితో జ్వరం వస్తే అదే రోజు సీబీపీ చేయించండి, "వైరల్" అని డోలో వేసి ఊరుకోకండి. మలబద్ధకాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి, క్లోజపిన్‌తో పేగు కదలిక పూర్తిగా ఆగి ప్రాణం పోయినవాళ్లున్నారు. బీడీ, సిగరెట్ పొగ ఈ మందును ఒంట్లోంచి త్వరగా పంపించేస్తుంది. రోజుకో కట్ట కాల్చేవాడు ఒక్కసారిగా మానేస్తే రక్తంలో మందు బాగా పెరిగిపోతుంది. మానడం మంచిదే, కానీ డాక్టరుకు చెప్పి మానండి. విరేచనాలకు షాపులో ఇచ్చేసే సిప్రోఫ్లాక్సాసిన్ కూడా దాన్ని అలాగే పెంచేస్తుంది. ఊరెళ్లి రెండు రోజులకు మించి వేసుకోవడం మర్చిపోతే, పాత మోతాదు ఒక్కసారిగా వేసుకోకూడదు. మళ్లీ పన్నెండున్నర మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాలి. ఈ ఒక్క విషయం తెలియక బీపీ పడిపోయి కూలిపోయినవాళ్లున్నారు.

మన ఎండలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ మందులు, ముఖ్యంగా పాసిటేన్‌తో కలిసినప్పుడు, చెమట పట్టడాన్ని, ఒళ్లు చల్లబరుచుకోవడాన్ని దెబ్బతీస్తాయి. మే నెలలో పొలం పనికీ, మేస్త్రీ పనికీ వెళ్లేవాళ్లు మధ్యాహ్నం నీడలో ఉండాలి, నీళ్లు తాగుతూ ఉండాలి. ఎండలో కాకపోయినా తీవ్రమైన జ్వరం, ఒళ్లు కొయ్యలా బిగుసుకోవడం, చెమటలు, మాట తడబడి మనిషి అయోమయంగా ఉండటం, ఈ నాలుగూ కలిసి వస్తే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అని అనుమానించాలి. అరుదు, కానీ ప్రాణాంతకం. తర్వాతి మాత్ర వేయకుండా, మందుల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని పెద్దాసుపత్రికి వెళ్లండి.

మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లకు రాత్రిళ్లు గొడవ చేస్తున్నారని ఈ మందులు ఇచ్చేస్తుంటారు. 2005లో అమెరికా ఔషధ సంస్థ 17 పరిశోధనలు చూసి, వాళ్లలో మరణాలు దాదాపు 1.6 నుంచి 1.7 రెట్లు పెరిగాయని హెచ్చరించింది. ముందు నొప్పి ఉందేమో, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో, మలబద్ధకం ఉందేమో, కళ్లద్దాలు పోయాయేమో చూడండి. తప్పనిసరైతే చిన్న మోతాదు, కొద్ది వారాలు, ఆపే తేదీ చీటీ మీదే రాయించుకోండి.

ఇవన్నీ మీకు చెప్పాల్సింది మీ డాక్టరు. ఇది నా మాట కాదు, చట్టమే చెబుతోంది. 2017 చట్టంలో 22వ సెక్షన్ ప్రకారం జబ్బు ఏమిటో, ఏ వైద్యం చేస్తున్నారో, దానివల్ల వచ్చే దుష్ఫలితాలేమిటో అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు రోగికి, అతను నియమించుకున్న ప్రతినిధికి ఉంది. తెలుగులో చెప్పమని అడగండి.

ఇక ప్రశ్నలు అడగండి. అమ్మా, మీరు చెప్పండి.

(సభలో ఒక తల్లి: మా అమ్మాయికి మూడో నెల, ఒలాంజపిన్ వాడుతోంది. బిడ్డకు ఏమైనా అవుతుందని అత్తగారు ఆపేయమంటున్నారమ్మా.)

ఆపేశారా? ఇంకా లేదు కదా, మంచి పని చేశారు. ఇలా ఒక్కసారిగా ఆపి, ఆరో నెలలో జబ్బు తిరగబెడితే తిండి, నిద్ర, పరీక్షలు అన్నీ పోతాయి, అప్పుడు ఇంకా ఎక్కువ మందు ఇవ్వాల్సి వస్తుంది. ఒలాంజపిన్ గర్భిణులు వాడుతూ వస్తున్న మందే, దానివల్ల బిడ్డకు అవయవలోపాలు బాగా పెరిగినట్టు కనిపించలేదు. తల్లికి షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష ముందుగానే చేయించాలి. ఆమె చీటీలో వాల్‌ప్రోయేట్ అనే మందు కూడా ఉందేమో చూడండి. అది వేరే జాతి మందు, బిడ్డకు హాని చేసేది, ఉంటే దాని గురించి రేపే డాక్టరుతో మాట్లాడాలి. కాన్పు డాక్టరుకూ మానసిక డాక్టరుకూ ఒకరి చీటీ ఒకరికి చూపించండి. అత్తగారిని కూడా తీసుకురండి, ఆవిడకు నేను చెబుతాను.

(మందుల షాపు యజమాని: చీటీ పాతదైపోయినా అదే మందు ఇవ్వమని వస్తారు మేడమ్. ఇవ్వకపోతే జబ్బు తిరగబెడుతుందంటారు, ఇస్తే మీరు తప్పంటారు.)

మంచి ప్రశ్న. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు. కానీ ఆ మనిషిని ఉత్త చేతులతో పంపడం కూడా నాకు ఇష్టం లేదు. షాపులోంచే చీటీ రాసిన డాక్టరుకు ఫోన్ కలపండి, లేదా ఆన్‌లైన్లో డాక్టరుకు చూపించుకుని కొత్త చీటీ తెప్పించుకోమనండి. దగ్గర్లో జిల్లా ఆసుపత్రిలో మానసిక విభాగం ఏ రోజుల్లో ఉంటుందో కాగితం మీద రాసి షాపులో అంటించండి. హైదరాబాద్ వైపు వాళ్లకు ఎర్రగడ్డ, ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖ పెదవాల్తేరు దగ్గరి మానసిక ఆసుపత్రి అందరికీ తెలిసినవే. నిద్ర పట్టడం లేదని, చీటీ లేకుండా క్వెటియాపిన్ అడిగేవాళ్లకు మాత్రం ఇవ్వకండి. మీరు ఇచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి చాలు: "ఇది ఎవరికి, వాళ్లకు ఈ సంగతి తెలుసా?" చుక్కల మందు కొనేటప్పుడు తల దించుకుంటే, 14416 నంబరు ఆ కవరు మీద రాసి ఇవ్వండి.